గులాం రసూల్ సంతోష్: చిత్రసాధన, శైవదర్శనము

ఢిల్లీ నగరమునకు దక్షిణభాగమున మునిర్కా యను పల్లె యొకటి కలదు. నగరము దాని పొలముల నాక్రమించి చుట్టును పెరుగగా, అది నేడు పల్లెయును కాక, పూర్తిగా పట్టణమును కాక, ఇరుకు వీథులతోను అద్దెగదులతోను నిండియున్నది. 1969లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము స్థాపింపబడిన పిమ్మట నలుదిక్కుల నుండి వచ్చు విద్యార్థులకు, వారిలో తెలుగువారికిని, అది విడిదియైనది. దానికి సమీపమున, రామకృష్ణపురములో, గుట్టపై 1973లో ప్రతిష్ఠ జరిగిన ఉత్తర స్వామిమలై కోవెల యున్నది. అచ్చట కొలువైన కుమారస్వామి యారాధనలో షట్కోణ యంత్రము ప్రసిద్ధము. ఊర్ధ్వముఖమైన త్రికోణమును అధోముఖమైన త్రికోణమును ఒకదానిలో నొకటి యిమిడి యుండుట దాని రూపము. అచ్చటి నుండి తూర్పుగా నిజాముద్దీనుకు పోయి పదునాఱవ శతాబ్దపు హుమాయూన్ సమాధిని చూచినచో, దాని పెద్ద కమానుల కిరుప్రక్కల పొదిగిన ఆఱుకోణముల నక్షత్రములు కాన్పించును. రేఖలు రెండుచోట్లను ఒక్కటియే. చూచువాని సంస్కారమును బట్టి యర్థము మాఱుచున్నది.

ఈ రెండు సంస్కారములును ఒక్క జీవితములో కలిసిన యొక చిత్రకారుడు ఢిల్లీ నగరములోనే తన పరిణత వయస్సు గడపెను. ఆయన గులాం రసూల్ సంతోష్. భారతీయ నైరూప్య చిత్రకళలో తాంత్రిక పద్ధతికి ఆయన ముఖ్యప్రతినిధి. కశ్మీరీ భాషలో కవి. ఉర్దూలో నవలాకారుడు. ఆయనను గూర్చి తెలుగు శాఖవారి పత్రికలో వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యాయన యాశ్రయించిన దర్శనము ఆనందవర్ధన, అభినవగుప్తుల దేశమున పుట్టినది. రసమును గూర్చియు ధ్వనిని గూర్చియు మన పాఠశాలలలో నేటికిని చెప్పుకొను మాటలలో పెక్కింటికి ఆ దేశమే పుట్టినిల్లు. ఆ శాస్త్రమును గ్రంథముల నుండి మాత్రమే నేర్చిన మనకు, దానిని కుంచెతో పరీక్షించిన వాని జీవితము పరిశీలింపదగినదే.

సంతోష్ 1929లో శ్రీనగరమునందు సామాన్యమైన ముస్లిం కుటుంబమున జన్మించెను. ఆయన జన్మనామము గులాం రసూల్ దార్. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు ముందునకు సాగలేదు. ఇల్లు గడుపుటకై ఆయన చేతిపనులను చేపట్టెను. అంగళ్లకు పేరుపలకలు వ్రాసెను. పట్టు నేసెను. కశ్మీరమునకు పేరు తెచ్చిన కాగితపుగుజ్జు పాత్రలపై పూలును తీగలును చిత్రించెను. ఈ పనులను జీవితకథలలో దారిద్ర్యమునకు నిదర్శనముగా మాత్రమే చెప్పుచుందురు. అది సరికాదని తోచుచున్నది. నేతలో పడుగును పేకయు తప్పని కొలతలో నడువవలెను. గుండ్రని పాత్రపై వేయు లత ఇరువైపుల సమముగా సాగి మొదలిచోటికే చేరవలెను. మధ్యరేఖ కిరుప్రక్కల రూపమును తులదూచినట్లు నిలుపు నైపుణ్యము తరువాతి కాలమున ఆయన చిత్రములకు ప్రాణమైనది. దానికి పునాది యీ పనులయందే పడియుండవలెను.

ఆయన పెరిగిన శ్రీనగరములోనే హరిపర్వతమను గుట్ట యున్నది. దానిపై పండితులు శారికాదేవిని శ్రీచక్రస్వరూపముగా, సిందూరము పూసిన శిలయందు కొలుతురు. అదే గుట్టపై మఖ్దూం సాహెబు దర్గాయు, దాని చెంతనే సిక్కుల గురుద్వారమును కలవు. పదునాలుగవ శతాబ్దపు యోగిని లల్ల, హిందువులకు లల్లేశ్వరి, ముస్లిములకు లల్ల ఆరిఫా. ఇట్టి నగరమున పెరిగిన బాలునికి ఇరుగుపొరుగువారి దేవతల పేర్లు తెలియుటకు గ్రంథములు చదువ నక్కఱలేదు. అయినను తెలియుట వేఱు, దానిని తన మార్గముగా స్వీకరించుట వేఱు. రెండవదానికి ఇంకను చాలకాలము పట్టెను.

1940ల చివర బొంబాయి ప్రగతిశీల చిత్రకారులలో నొకడైన సయ్యద్ హైదర్ రజా కశ్మీరమునకు వచ్చి అచ్చటి యువకుల నుత్సాహపఱచెను. దాని ఫలితముగా శ్రీనగరమునందును ప్రగతిశీల చిత్రకారుల సంఘ మేర్పడగా, సంతోష్ అందు పాల్గొనెను. 1954లో ఆయనకు విద్యార్థివేతనము లభించుటచే బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున నారాయణ శ్రీధర బేంద్రే యొద్ద చిత్రకళ నభ్యసించు నవకాశము కలిగెను. బేంద్రే ప్రకృతిదృశ్యముల చిత్రణలో ప్రసిద్ధుడు. పాశ్చాత్యదేశముల క్యూబిస్టు పద్ధతిని శిష్యులకు పరిచయము చేసిన యాచార్యుడు. వస్తువును సమతలములుగా విడదీసి మరల కూర్చు విద్య సంతోషునకు అచ్చట అలవడెను. కశ్మీరపు కొండలును, ఇండ్లును, మనుష్యులును ఆయన పటములలో కోణములుగాను తలములుగాను మాఱసాగినవి.

ఇక నాయన పేరు విషయము. ఆయన వలచి పెండ్లాడిన స్త్రీ కశ్మీరపండితుల కుటుంబమునకు చెందినది. ఆమె పేరు సంతోష్. ఆనాటి శ్రీనగరమున మతాంతర వివాహము ఉభయపక్షముల వారికిని కష్టము కలిగించు విషయము. చిత్రకారుడు తన వంశనామమును విడిచి భార్య పేరునే తన పేరునకు చేర్చుకొనెను. పెండ్లితో స్త్రీ ఇంటిపేరు మాఱుట మన దేశమున సామాన్యము. పురుషుడు భార్య పేరు ధరించుట అపూర్వము. గులాం రసూల్ అను పేరునకు ప్రవక్త సేవకుడని యర్థము. దాని ప్రక్కన సంస్కృతపదమైన సంతోషము చేరెను. ఆయన మొదటి పేరును తొలగించుకొనలేదు, రెండవదానిని దాచలేదు. జీవితాంతము రెంటితోనే సంతకము చేసెను. శివుడు శక్తితో కూడినప్పుడే శివుడను సిద్ధాంతమును ఆయన తరువాత చదివినను, దాని యాచరణము పేరులో ముందే జరిగినదని చెప్పవచ్చును.

దంపతులు తరువాత ఢిల్లీలో స్థిరపడిరి. 1957లో ఆయనకు లలితకళా అకాడమీవారి జాతీయ పురస్కారము లభించెను. 1964లో అదే పురస్కారము రెండవసారి వచ్చెను. అప్పటి కాయన వయస్సు ముప్పదియైదు. పేరుపలకలు వ్రాసిన బాలుడు దేశరాజధానిలో గణనీయుడైన చిత్రకారుడయ్యెను. ఆయన శైలికి గుర్తింపు వచ్చినది. ఆ శైలినే సాగించిన యెడల బ్రదుకు సుఖముగా గడచియుండును.

ఆ 1964 సంవత్సరముననే ఆయన అమరనాథయాత్ర చేసెను. అమరనాథగుహ సముద్రమట్టమునకు 3,888 మీటర్ల యెత్తున నున్నది. గుహ కప్పు నుండి చుక్కచుక్కగా రాలు నీరు నేలపై గడ్డకట్టి పైకి పెరిగి లింగాకారము దాల్చును. దానిని చెక్కిన శిల్పి లేడు. బిందువుపై బిందువు పడి రూపమేర్పడును. వేసవి ముదిరినకొలది అది కరగిపోవును. గుహను తొలుత కనుగొన్నవాడు బూటా మలిక్ అను ముస్లిం గొఱ్ఱెలకాపరి యని స్థానికుల నమ్మకము. అతని వంశీయులకు బహుకాలము కానుకలలో భాగ ముండెడిది. కావున ముస్లిం ఒకడు ఆ గుహకు పోవుట కశ్మీరమున వింత కాదు. వింత దాని తరువాత జరిగినది. గుహలో సంతోషునకు గాఢమైన ఆధ్యాత్మికానుభవము కలిగెను. దాని ప్రభావమున ఆయన యంతవఱకు వేయుచున్న చిత్రములను విడిచిపెట్టెను.

ఆ యనుభవ మెట్టిదని మనము నిర్ణయింపజాలము. అట్టివానికి బయటివారి సాక్ష్యము చెల్లదు. దాని ఫలము మాత్రము అందఱికిని కనబడునట్టిది. రెండుమార్లు జాతీయ పురస్కారము పొందిన చిత్రకారుడు కుంచె నావల పెట్టి, కశ్మీరశైవమును తంత్రగ్రంథములను అధ్యయనము చేయుటకు పూనుకొనెను. కొంతకాలము చిత్రరచన సాగలేదు. చిత్రములే జీవనాధారమైన గృహస్థునకు ఇది చిన్న త్యాగము కాదు.

ఆయన చదివిన దర్శనమును సంగ్రహముగా చెప్పుట అవసరము. తొమ్మిదవ శతాబ్దమున వసుగుప్తుని శివసూత్రములతో మొదలై, సోమానంద, ఉత్పలదేవుల ద్వారా పదవ శతాబ్దపు చివర అభినవగుప్తుని యందు పరిపూర్ణతనొందిన యీ మతము అద్వైతమే. అయినను శంకరాద్వైతముతో దీనికి ముఖ్యమైన భేదము కలదు. శంకరమతమున జగత్తు మాయాకల్పితము. కశ్మీరశైవమున జగత్తు చైతన్యము యొక్క ఆభాసము, అనగా వెలుగు తన్నుతాను ప్రకటించుకొనుట. శివుడు ప్రకాశము. ఆ ప్రకాశము తన్నుతా నెఱుగుట విమర్శము. అదియే శక్తి. ఈ రెంటి నడుమ నుండు సూక్ష్మమైన కదలిక స్పందము. దాని నుండి ముప్పదియాఱు తత్త్వములు క్రమముగా విచ్చుకొని ప్రపంచమగును.

చిత్రకారునికి ఈ భేదము కేవలము శాస్త్రచర్చ కాదు. జగత్తు మిథ్యయైనచో రంగును మిథ్యయే. అప్పుడు చిత్రము మిథ్యకు నకలు మాత్రమే యగును. జగత్తు వెలుగు యొక్క స్వప్రకాశమైనచో ఎఱుపును నీలమును ఆ వెలుగు ధరించిన రూపములు. అప్పుడు చిత్రరచన సత్యమునకు దూరము కాదు, దాని దారులలో నొకటి. సంతోష్ చిత్రకళను సంపూర్ణముగా త్యజింపక మరల దానికే వచ్చుటకు కారణము ఈ సిద్ధాంతమున కలదని నా యభిప్రాయము. వైరాగ్యమును బోధించు దర్శనమేదైన ఆయనకు చిక్కియున్నచో భారతీయ చిత్రకళ ఒక చిత్రకారుని కోల్పోయియుండును.

1960ల ఉత్తరార్ధమున ఆయన మరల కుంచె పట్టినపుడు కశ్మీరపు కొండలు పటమున లేవు. నిలువుగా మధ్యరేఖ; దాని కిరుప్రక్కల అద్దములో వలె సమానమైన రూపములు; త్రికోణములు, వృత్తములు, అండాకృతులు; వాని నడుమ బిందువు. తొలిచూపున అవి కేవలము రేఖాగణితము. నిలిచి చూచినకొలది పద్మాసనమున కూర్చున్న మానవదేహము పొడగట్టును. మోకాళ్లు త్రికోణపు అడుగుకోణములు, శిరస్సు దాని శిఖరము. ముఖము లేదు, కన్నులు లేవు, స్త్రీపురుష భేదము నిలువదు. ఊర్ధ్వత్రికోణము శివుడు, అధస్త్రికోణము శక్తి. శ్రీచక్రమున ఇట్టి త్రికోణములు నాలుగును ఐదును కలిసి తొమ్మిదియై, అవి ఖండించుకొనుటచే నలువదిమూడు చిన్న త్రికోణములేర్పడును. సంతోష్ శ్రీచక్రమునకు ప్రతికృతి వ్రాయలేదు. ఆ కూర్పునకు మూలమైన సూత్రమును గ్రహించి దానిని దేహముతో కలిపెను. యంత్రము దేహమునకు పటము, దేహము యంత్రమునకు ప్రమాణము అను తాంత్రికభావన అట్లు కంటికి కనబడినది.

ఆయన రంగు వేయు రీతియు గమనింపదగినది. అంచుల యొద్ద గాఢముగా నుండు వర్ణము లోనికి పోవుకొలది పొరపొరగా పలుచబడి వెలుగుగా మాఱును. బయటి నుండి వస్తువుపై పడు వెలుగు కాదది. వస్తువు తనలో నుండి వెలిగినట్లు తోచును. నీడ ఎటుపడవలెనను ప్రశ్నకు అచ్చట తావులేదు. ప్రకాశమను శాస్త్రపదమును వర్ణములలోని కనువదింపవలెనన్నచో ఇంతకంటె సూటియైన మార్గము దొఱకదు.

అభినవగుప్తుడు నాట్యశాస్త్రవ్యాఖ్యయందు శాంతమును తొమ్మిదవ రసముగా గట్టిగా సమర్థించిన సంగతి విద్యార్థులకు తెలిసినదే. కథయును పాత్రయును లేనిచోట రసము పుట్టునా యను ప్రశ్న నైరూప్యకళకు సహజముగా ఎదురగును. విభావానుభావములు లేక రసమెట్లు? సంతోష్ చిత్రములు చూచినపుడు ఈ శంకకు ఒక సమాధానము తోచును. సాధారణీకరణమున వ్యక్తికి చెందిన విశేషములు తొలగి భావము సర్వసామాన్యమగును. కావ్యమున ఆ తొలగింపు సహృదయుని మనస్సున జరుగును. ఈ పటములలో చిత్రకారుడే దానిని ముందుగా చేసి పెట్టినాడు. ముఖములేని యా యోగి ఎవడును కాడు గనుక చూచువాడే యగుటకు వీలున్నది.

ఆ కాలమున ఈ మార్గమున నడచినవాడు సంతోష్ ఒక్కడే కాడు. అజిత్ ముఖర్జీ తంత్రకళా గ్రంథము 1966లో వెలువడగా యంత్రములును మండలములును కళావస్తువులుగా లోకమునకు తెలిసెను. 1971లో లండను నగరములోని హేవర్డ్ ప్రదర్శనశాలయందు తంత్రకళ ప్రదర్శింపబడెను. ఢిల్లీలో బిరేన్ డే, మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్, హైదరాబాదులో పాకాల తిరుమలరెడ్డి తమతమ రీతులలో చిహ్నములను, చక్రములను చిత్రములలోనికి తెచ్చిరి. 1985లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరపు విశ్వవిద్యాలయమున నవ్యతంత్ర చిత్రప్రదర్శనము జరిగెను.

వీరిలో తిరుమలరెడ్డి మనవాడు. కరీంనగరము జిల్లాలో 1915లో జన్మించి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1941లో నలుగురు మిత్రులతో కలిసి యువచిత్రకారుల బృందమును స్థాపించెను. బొంబాయి ప్రగతిశీలసంఘమునకు అది ఆఱేండ్లు ముందు. తరువాత హైదరాబాదునకు వచ్చి జీవికకై కొయ్యసామానుల వ్యాపారము సాగించి, మరల చిత్రములకు మఱలెను. ఆయన భార్య యశోదారెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులు, తెలంగాణపు పలుకుబడిలో కథలు వ్రాసిన రచయిత్రి. సంతోష్ చేతిపనుల నుండి చిత్రమునకు వచ్చెను. తిరుమలరెడ్డి చిత్రము నుండి కొయ్యపనికి పోయి వచ్చెను. ఇరువురును తంత్రచిహ్నములను పాండిత్యముగా కాక చేతితో నెఱిగినవారు. ఈ పోలిక ప్రత్యేక పరిశోధనకు తగిన విషయము.

నవ్యతంత్రచిత్రములపై ఒక యాక్షేపము కలదు. పాశ్చాత్యయువకులు భారతీయ యోగముపై మోజుపడిన కాలమున ఆ మోజునకు తగిన సరకుగా ఇవి పుట్టినవని కొందఱందురు. కొందఱి విషయమున ఈ మాట నిజమే కావచ్చును. సంతోష్ విషయమున కాలక్రమమే దీనికి సమాధానము. ఆయన మార్గము మార్చుకొన్నది 1964లో. తంత్రకళ అంగడికి వచ్చినది దాని తరువాత. అప్పటికే పురస్కారములు తెచ్చిన శైలిని విడిచి, ఫలమేమగునో తెలియని దానికై ఆయన పని నిలిపెను. లాభము కోరువాడు అట్లు చేయడు. కొత్తమార్గమునకు లలితకళా అకాడమీవారి మూడవ పురస్కారము 1973లో గాని రాలేదు. మఱియొక సంగతి. ఆయనను తొలుత ప్రోత్సహించిన రజా పారిసులో పలు మార్గములు త్రొక్కి, బిందువును తన చిత్రములకు కేంద్రముగా నిలుపుకొన్నది సుమారు 1980 ప్రాంతమున. శిష్యప్రాయుడు గురుప్రాయునికంటె ముందే ఆ చోటికి చేరెను.

అయినను ఆక్షేపమును పూర్తిగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఒకే సూత్రమును దశాబ్దములపాటు పాటించినపుడు ఏకరూపత కలుగును. సంతోష్ పటములను వరుసగా చూచినచో కొన్ని యెడల రూపము ముందే తెలిసిపోవును. నూతనత్వమును కళకు ప్రాణముగా నెంచువారి కిది లోపము. నామజపము నెఱిగినవారికి ఆవృత్తియే సాధన. ఆయన రెండవ పక్షమువాడు. దానికి చెల్లింపవలసిన మూల్యమును చెల్లించెను.

కవిగా నాయన కశ్మీరీభాషలోనే వ్రాసెను. ఆయన కవితాసంపుటి బేసుఖ్ రూహ్, అనగా శాంతిలేని యాత్మ. దానికి 1979లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఉర్దూనవల సమందర్ ప్యాసా హై, అనగా సముద్రము దప్పిగొన్నది. ఈ పేర్లను చిత్రముల ప్రక్కన నుంచి చూడవలెను. పటమున పరిపూర్ణమైన నిశ్చలత, అక్షరమున అశాంతియు దాహమును. చిత్రము చేరిన స్థానమును చూపగా, కవిత నడచిన దారిని చెప్పినదనుకొనవచ్చును. సాధనగూర్చి దేశభాషలో చెప్పుట ఆ లోయలో లల్లతో మొదలైన సంప్రదాయము. సంస్కృతమున నున్న శైవరహస్యములను ఆమె సామాన్యుల పలుకునకు తెచ్చెను. మన పాల్కురికి సోమనాథుడు జానుతెనుగును ద్విపదను పట్టిన కారణమును అట్టిదే. దర్శనము వేఱు, భక్తిరీతి వేఱు. దేశిభాషపై నమ్మకము మాత్ర మొక్కటి.

1977లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించెను. ఆయన జీవితపు చివరి యేండ్లలో కశ్మీరము అల్లకల్లోలమయ్యెను. 1990లో పండితకుటుంబములు పెక్కు లోయను విడిచి జమ్మూకును ఢిల్లీకిని తరలివచ్చెను. ఆయన పేరులోని రెండు సగములు ఏ సమాజముల నుండి వచ్చినవో, ఆ సమాజములు ఒకే వీథిలో నివసించు కాలము ముగిసెను. సంతోష్ 1997 మార్చి 10న ఢిల్లీలో మరణించెను.

ఆయన సాధించినది మతసామరస్యమని చెప్పి ముగించుట సులభము. కాని యా మాట చాలదు. సామరస్యమున రెండు పక్షములు వేఱువేఱుగా నిలిచి స్నేహము చేయును. ఆయన అన్యుల దర్శనమును గౌరవించి దూరమున నిలువలేదు. అది తన దేశపుది గనుక తనదే యని తలచి, అధ్యయనముచేతను శ్రమచేతను దాని నార్జించుకొనెను. వారసత్వము పుట్టుకచే కలుగునా, సాధనచే కలుగునా యను ప్రశ్నకు ఆయన జీవితము ఒక యుత్తరము. మునిర్కా నుండి కోవెలకో, సమాధికో పోవు మన విద్యార్థులు ఆ షట్కోణమును చూచినపుడు, అది యెవరిదని యడుగుటకు ముందు, దానిని గూర్చి తాము సాధించినదేమని తమ్ము తాము ప్రశ్నించుకొనుట మేలు.